పదో వంతు గద్ద

పాత కాగితాలు సర్దుతుంటే ఒక జవాబు పత్రం బయటపడింది. ఐదవ తరగతి పాప వ్రాసినది. నాలుగో ప్రశ్నకు నేను ఎఱ్ఱ సిరాతో పెట్టిన ఇంటూ గుర్తు ఇంకా వెలిసిపోలేదు. ఆ సంగతి మీతో చెప్పుకుంటే తప్ప మనసు కుదుటపడేట్టు లేదు.

2006లో ఆదోని వైపు ఒక పల్లె బడిలో పనిచేసేవాడిని. ఉన్నది ఇద్దరమే అయ్యవార్లం కనుక లెక్కలూ, పరిసరాల విజ్ఞానమూ రెండూ నా వంతుకే వచ్చాయి. ఆ వారం లెక్కల్లో పూర్ణాంకాలు. సహజ సంఖ్యలకు సున్నను చేర్చితే పూర్ణాంకాలు. వాటిని కూడినా, హెచ్చవేసినా వచ్చేది పూర్ణాంకమే. భాగిస్తే మాత్రం ఆ భరోసా లేదు. చింతపిక్కలు పంచి చూపించాను.

మరునాడు ఆహారపు గొలుసు. పుస్తకంలో గడ్డి నుండి మిడతకు, మిడత నుండి తొండకు బాణం గుర్తులే ఉన్నాయి. నాకది చాలలేదు. రేమండ్ లిండెమన్ అనే ఆయన అమెరికాలోని మిన్నెసోటాలో ఒక చిన్న సరస్సును పట్టుకుని, అందులో ఒక జీవి నుండి మరొక జీవికి ఎంత శక్తి చేరుతోందో లెక్కగట్టాడు. 1942లో ఆ వ్యాసం అచ్చయ్యే నాటికి ఆయన లేడు. ముప్పై ఏళ్ళయినా నిండలేదు. మెట్టు మెట్టుకూ సుమారు పదో వంతు శక్తే పైకి చేరుతుందన్న మోటు లెక్క ఆ దారిలో వచ్చినదే. మిగిలినదాంట్లో చాలా భాగం ఊపిరికీ, కదలికకూ, ఒంటి వేడికీ ఖర్చయిపోతుంది. రాలిన ఆకు ఎరువై మట్టిలో కలిసి మళ్ళీ మొక్కకు అందుతుంది గాని, వేడిగా పోయిన శక్తి తిరిగి రాదు.

ఇదంతా చెప్పి పరీక్ష పెట్టాను. ఒక చేని గడ్డిలో 1000 పాళ్ళ శక్తి ఉంది. మిడతలకు 100, తొండలకు 10, పాములకు 1. ఒక గద్ద బ్రతకడానికి 1 పాలు కావాలి. ఆ చేను ఎన్ని గద్దలను పోషించగలదు?

నేననుకున్న జవాబు 1/10. ఆ పాప 0 అని వ్రాసింది. “పదో వంతు ఎక్కడ, సున్న ఎక్కడ!” అని తరగతిలో పైకి చదివాను. పిల్లలంతా నవ్వారు.

సాయంత్రం బడి గేటు దగ్గర నిలబడి మెల్లగా అడిగింది. “పదో వంతు గద్ద యాడన్నా ఉంటాదా సార్? మా చేని మీద తిరిగే గద్ద మాది కాదు సార్. అన్ని చేన్లదీ.”

నవ్వి పంపేశాను. రాత్రి పడుకున్నాక గాని తలకెక్కలేదు. శక్తిని ఎన్ని ముక్కలుగానైనా భాగించవచ్చు. ప్రాణులు మాత్రం పూర్ణాంకాల్లోనే ఉంటాయి. ఒక్క చేను గద్దను పోషించలేదు, పది చేలు కావాలి. వేటాడే జీవులు కొద్దిగా ఉండడానికీ, అంత దూరం తిరగడానికీ కారణం అదే. నేను రెండు రోజుల్లో విడివిడిగా చెప్పిన పాఠాలను ఆ పిల్ల ఒకటిగా చదువుకుంది.

తరగతిలో అందరి ముందూ ఒప్పుకోవాలనుకున్నాను. మరునాడు ఏదో తనిఖీ, ఆ పైన ఆదివారం. సోమవారానికి వాళ్ళ ఇంటికి తాళం వేసి ఉంది. సుగ్గికని గుంటూరు మిరప చేలకు పోయారట. ఉన్న చేను ఆ ఇంటికి చాలదు. హాజరు పట్టీలో 31 మందికి 30 అని వేశాను. బడి మూసేదాకా ఆమె రాలేదు. జూన్‌లో నాకు బదిలీ అయింది.

ఈ రోజు ఆ ఇంటూ కొట్టివేసి, మొత్తం 6ను 7గా దిద్దాను. ముప్పైకి దగ్గరపడి ఉండే ఆమెకు దీన్ని చేర్చే దారి నాకు తెలియదు. మీలో పాఠాలు చెప్పేవారుంటే ఒక్క మాట: సున్న వ్రాసిన పిల్లను, ఎఱ్ఱ కలం తీసే ముందు, ఎందుకని అడగండి.