ఈల వినబడిన తరువాత

బాస్కెట్‌బాల్ ఆటలకు రిఫరీగా వెళ్లు మా సంఘ యౌవనుడొకడు మొన్న నాకొక సంగతి చెప్పెను. రిఫరీ ఈలయొద్ద చిన్న మైకు ఉండును. దాని తీగ నడుమునకు తగిలించుకొన్న చిన్న పెట్టెకు చేరును. ఈల మ్రోగగానే ఆ పెట్టె రేడియో తరంగముల ద్వారా ఆట గడియారమును ఆపివేయును. జనుల కేకలకు అది ఆగదు, ఈల స్వరమునకే ఆగును. మరల నడిపించుటకు రిఫరీ పెట్టె మీది మీటను నొక్కును. దీనిని కనిపెట్టిన మైకేల్ కోస్టబైల్ అమెరికాలో తానును రిఫరీగా పనిచేసినవాడే. అక్కడి ఎన్.బి.ఏ. పోటీలలో దీనిని వాడుచున్నారు.

"ఇంక బల్ల దగ్గర కూర్చున్నోడు గడియారం ఆలస్యంగా ఆపడానికి లేదండి అయ్యగారూ" అని అతడు సంతోషించెను. నేను తల వంచుకొంటిని.

ఈ ఆట 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డులో, వై.ఎం.సి.ఏ. శిక్షణ పాఠశాలలో పుట్టినది. దానిని ఏర్పరచిన జేమ్స్ నైస్మిత్ వేదాంతవిద్య నేర్చినవాడు. ఆయన వ్రాసిన 13 నియమముల ప్రకారము కాలమును చూచుకొను పని రిఫరీదే. తరువాత ఆ పని బల్లయొద్ద వేరొకనికి వచ్చెను. చెవి విని, మనస్సు గ్రహించి, వ్రేలు కదలుటకు కొంత ఆలస్యమగును. అది ఎవరి దోషమును కాదు. నా ఆలస్యము అట్టిది కాదు.

సుమారు నలువది ఏండ్ల క్రిందట, గోదావరి కాలువ ప్రక్కనున్న ఒక పాఠశాలలో పోటీ జరుగుచుండగా స్టాప్‌వాచీ నా చేతికిచ్చిరి. మా జట్టు ఒక్క పాయింటు ఎక్కువలో ఉండెను. బంతి గీత దాటెను, ఈల మ్రోగెను. నేను వింటిని. వినియు రెండు సెకనులు వాచీని ఆపలేదు. పొరుగూరి జట్టువారు బంతిని లోపలికి విసరి, బుట్టవైపు ఎత్తకమునుపే కాలము ముగిసెను. మావారు నన్ను భుజముల మీద మోసిరి. ఎవరును నన్నేమియు అడుగలేదు.

తరువాత వేదాంతవిద్య చదివితిని, సత్యమును గూర్చి ఎన్నో ప్రసంగములు చేసితిని. ఆ రెండు సెకనులను మాత్రము ఎవరితోను చెప్పలేదు.

యౌవనుడు వెళ్లిన మరునాడు సైకిలెక్కి కాలువ అవతలి ఊరికి వెళ్లితిని. ఆనాటి పొరుగూరి జట్టు నాయకుడు అక్కడ కౌలుసేద్యము చేసికొనుచున్నాడు. గట్టు మీద నిలిచి జరిగినదంతయు చెప్పితిని. అతడు చేతుల బురద కడిగికొనుచు, "ఆయ్, మాకు ఆరోజే తెలుసండి. మీరే వచ్చి చెబుతారని మాత్రం అనుకోలేదండి" అనెను. తరువాత కొబ్బరి బోండము కొట్టి నా చేతికిచ్చెను.

జక్కయ్య అన్యాయముగా తీసికొన్నదానికి నాలుగంతలు మరల చెల్లించుటకు ఒప్పుకొనెను. సొమ్మును అట్లు చెల్లింపవచ్చును. రెండు సెకనులను ఏలాగు చెల్లింతును? ఒప్పుకొనుట తప్ప నాయొద్ద ఏమియు లేకపోయెను.

ఆ పెట్టె చేతి ఆలస్యమును తీసివేయును గాని, విన్నదానికి లోబడని హృదయపు ఆలస్యమును తీసివేయజాలదు. ప్రియులారా, మీకును ఇట్టి పాత లెక్క ఒకటి ఉన్నయెడల ఇంకను తడవు చేయకుడి. ఆ మనుష్యుడు బ్రదికి యుండగానే వెళ్లి కలిసికొనుడి.