మేత సంచి చెప్పే లెక్క

కొల్లేటి చేపల రైతు తన తెలివిని తాను నమ్ముకున్న తీరు తెలియాలంటే, అతను చెరువులో ఏం వేశాడన్నది కాదు, ఏ చేపలను మానేశాడో చూడాలి.

1971లో మొదలైన అఖిల భారత పరిశోధన పథకం ఒకే చెరువులో ఆరు రకాలు కలిపి పెంచమంది. మనవి మూడు: బొచ్చె, శీలావతి, ఎర్రమోసు. బయటివి మూడు: వెండి చేప, గడ్డి చేప, బంగారు తీగ. ఒకటి పైనీటిలో మేస్తుంది, ఒకటి మధ్యన, ఇంకొకటి అడుగున. ఏ మేతా వృథా పోదు. కాగితం మీద వంక పెట్టడానికి లేని లెక్క.

1970ల రెండో సగంలో ప్రభుత్వం కొల్లేటిలో మత్స్యకార సంఘాలకు చెరువులు తవ్వించింది. వాటిని చూసి చుట్టుపక్కల వరి రైతులూ దిగారు. కొన్నేళ్ళు గడిచేసరికి ఆరు రకాల్లో నాలుగు ఒక్కొక్కటిగా తప్పుకున్నాయి. వెండి చేప బొచ్చె మేతకే పోటీకి వస్తుంది, పైగా ఐసులో వేసి కలకత్తా పక్కనున్న హౌరా మార్కెట్‌కు చేర్చేలోగా మెత్తబడుతుంది. బంగారు తీగ గట్లను తవ్విపోస్తుంది. అడుగున తిరిగే ఎర్రమోసు ఓ పట్టాన వలకు చిక్కదు. చివరికి సింహభాగం శీలావతి, తోడుగా కొంత బొచ్చె మిగిలాయి. పుస్తకం చెరువు అడుగు దాకా చూసింది; రైతు కలకత్తా బేరం దాకా చూశాడు. లీజు ముందే కట్టి, పట్టుబడి కోసం నెలల తరబడి ఆగాల్సినవాడికి ఇది చిన్న సాహసం కాదు.

పిల్ల విషయంలోనూ అంతే. వేలెడు పిల్లను పెద్ద చెరువులో వదలడం మానేసి, దాన్ని చిన్న చెరువులో కిక్కిరిసేలా, అరకొర మేతతో ఏడాదిపాటు ఆపి ఉంచారు. అలా గిడసబారిన పిల్ల విశాలమైన నీళ్ళూ కడుపునిండా మేతా దొరకగానే ఒక్కసారిగా ఎదుగుతుంది. చావులూ తక్కువే.

అన్నిటిలోకీ ముచ్చటైనది మేత సంచి. ప్లాస్టిక్ సంచి అడుగు వైపు వరుసగా చిల్లులు పొడిచి, నూనె తీసిన తవుడూ (అక్కడివాళ్ళకది డీఓబీ) వేరుశనగ చెక్కో పత్తి చెక్కో కలిపి నింపి, నీళ్ళలో పాతిన వెదురు గడకు కడతారు. తాడేపల్లిగూడెం చుట్టుపక్కల రైసు మిల్లులున్న సీమలో తవుడుకు కరువు లేదు. చేప మూతితో చిల్లును పొడుచుకుంటూ తింటుంది. చల్లిన మేతలో ఎంత తిన్నదీ ఎంత బురదలో కలిసిందీ ఎవరికీ తెలియదు. సంచిలో మిగిలింది మాత్రం కళ్ళకు కనిపిస్తుంది. మిగిలితే ఆకలి తగ్గినట్టు, అంటే నీళ్ళలో ఏదో తేడా ఉన్నట్టు. మబ్బు పట్టిన రోజున మేత తగ్గించడం, తెల్లవారుజామున చేప పైకి తేలి నోరు తెరుస్తుంటే గాలి చాలడం లేదని మోటారు వేసి కొత్త నీళ్ళు పెట్టడం కూడా ఈ చదువులోవే.

పుస్తకాన్ని కాదన్న ధైర్యానికి ఆధారం ఈ సంచిలోనే ఉంది. తప్పు చేస్తే సంచి మర్నాటికే చెప్పేస్తుంది. మొండివాడు ఆ మాట వినడు, పిరికివాడు పక్క చెరువులో ఎన్ని సంచులు కట్టారో చూసొస్తాడు. ఈ పద్ధతిని తర్వాత శాస్త్రవేత్తలే వచ్చి రాసుకున్నారు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2013లో ఆంధ్ర చేపల మేత మీద ఏకంగా ఒక సాంకేతిక గ్రంథమే వేసింది.

చెరువు దాటితే కథ వేరు. అదే నమ్మకంతో గట్లు సరస్సు గర్భంలోకి జరిగాయి. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే వరద కొల్లేటిలో నిలిచి ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పోవాలి. అడ్డంగా గట్లు లేస్తే నీళ్ళు వెనక్కి తన్ని ఎగువ ఊళ్ళ మీద పడతాయి. ఆ తప్పు చెప్పే సంచి ఎవరి చెరువులోనూ లేదు. తన చెరువు పచ్చగా ఉన్నవాడి లెక్కలోకి పైఊరి ముంపు రాదు. 1999లో ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) దాకా 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. 2006లో యంత్రాలు వచ్చి గట్లు కొట్టేశాయి. ఆ తర్వాత కొన్ని మళ్ళీ లేచాయి, వాటిలో మళ్ళీ వెదురు గడలు పాతారు.