కడుపునొప్పి అని వచ్చిన పిల్లలు

కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్యుల దగ్గరికి ‘భయం’ అని చెప్పుకుంటూ వచ్చే పిల్లలు అరుదు. కడుపునొప్పి అని వస్తారు. బడికి తయారయ్యే వేళకు వాంతులని, ఆదివారం మాత్రం ఏ బాధా ఉండదని తల్లులు చెబుతారు. అప్పటికే ఊళ్లో ఆరెంపీ సూది వేసి ఉంటాడు. ఆదోనిలోనో ఎమ్మిగనూరులోనో స్కానింగ్ అయి ఉంటుంది. ఇంట్లో దిష్టి తీసి ఉంటారు. అంతా బాగుందన్న రిపోర్టులను ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని, ఇంక ఎవరిని అడగాలో తెలియక ఇక్కడికి చేరతారు.

సైకాలజిస్టు అనుమతి తీసుకుని, ఆ కుటుంబాలనూ అడిగి, ఒక మూల కూర్చున్నాను. పిల్లలను గుర్తుపట్టే వివరాలు మార్చి రాస్తున్నాను.

మూడో తరగతి పిల్లోడు. తండ్రి సుగ్గికని గుంటూరు వైపు మిరపకోతలకు పోయినప్పటి నుంచి తల్లి కొంగు వదలడం లేదు. “నేను కనపడకపోతే గుక్కపట్టి ఏడుస్తాడు మేడమ్. ఏం సేయాల? బడి గడపకాడే కూసుంటున్నా. కూలికి పోక నెలాయె” అందా తల్లి. పక్కనున్న అవ్వ పిల్లోడి చేతికున్న దారం చూపించింది. కడప అమీన్ పీర్ దర్గాకు పోయి కట్టించుకొచ్చిందట. “అది ఉండనీ అవ్వా. దానితోపాటు మనం ఇంకో పని కూడా చేద్దాం” అంది సైకాలజిస్టు. అవ్వ ముఖం తేటపడింది. దారం తెంపమని ఉంటే ఆ కుటుంబం మళ్లీ వచ్చేది కాదని నాకు గట్టిగా అనిపించింది.

పిల్లోణ్ణి అడిగింది, భయమేస్తే ఒంట్లో ఏమవుతుందని. వాడు గుండె మీద చెయ్యి వేసి చూపించాడు. కుక్క వెంటపడితే ఉరకడానికి ఒళ్లు అట్లా సిద్ధమవుతుందనీ, కుక్క లేనప్పుడూ ఒక్కోసారి ఒళ్లు పొరబడుతుందనీ చెప్పింది. తర్వాత తెల్లకాగితం మీద నిచ్చెన గీసింది. ఒక్కో మెట్టు దగ్గర భయం పదికి ఎంతో వాడే చెప్పాలి. అమ్మ గడప దగ్గర కాకుండా బడి ఆవరణలో చెట్టు కింద కూర్చుంటే నాలుగు. గేటు బయట ఉంటే ఆరు. ఇంటికి పోతే పది.

మొదటి మెట్టు అక్కడే ఎక్కించారు. తల్లి గది బయటికి వెళ్లింది. పిల్లోడు లేచి నిలబడ్డాడు, కళ్లనిండా నీళ్లు. ‘ఏం కాదులే’ అని ఎవరూ అనలేదు. “ఇప్పుడు ఎంత?” అని మాత్రమే అడుగుతోంది సైకాలజిస్టు. ఎనిమిది. కాసేపటికి ఎనిమిదే. తర్వాత ఆరు. తల్లి తిరిగొచ్చే సరికి మూడు. చికిత్స ఆయువుపట్టు ఇక్కడే ఉంది. భయానికి ఎదురు నిలబడి ఉంటే అది దానంతటదే దిగుతుందని పిల్లోడి ఒళ్లే నేర్చుకోవాలి. పారిపోయిన ప్రతిసారీ, పారిపోబట్టే బతికానన్న నమ్మకం ముదురుతుంది. గడప దగ్గర కూర్చున్న తల్లి ప్రేమతోనే కూర్చుంది. కానీ ఆ కాపలా వల్లే భయం పెరిగింది. ఆ మాట ఆమెకు తప్పు పట్టినట్టు కాకుండా చెప్పడం నేను చూసిన అన్నిటిలోకీ కష్టమైన పని.

ఈ పద్ధతి వెనక వందేళ్ల అనుభవం ఉంది. 1924లో అమెరికాలో మేరీ కవర్ జోన్స్, పీటర్ అనే పసివాడు ఇష్టమైనది తింటుండగా కుందేలును కొంచెం కొంచెంగా దగ్గరికి జరుపుతూ వాడి భయం పోగొట్టింది. ఫిలడెల్ఫియాలోని టెంపుల్ యూనివర్సిటీలో ఫిలిప్ కెండాల్ దీన్ని ఆలోచనలను సరిదిద్దే పాఠాలతో కలిపి సుమారు 16 వారాల చికిత్సగా తీర్చిదిద్ది, 47 మంది పిల్లల మీద వచ్చిన ఫలితాలను 1994లో ప్రకటించాడు. 7 నుంచి 17 ఏళ్ల వయసున్న 488 మందితో జరిగి, 2008లో ఫలితాలు వెలువడిన పెద్ద పరిశోధనలో ఈ చికిత్స ఒక్కటే తీసుకున్నవారిలో 60 శాతం మంది బాగా కోలుకున్నారు. సెర్ట్రలిన్ మందు ఒక్కటే వాడినవారిలో 55 శాతం. రెండూ కలిపితే 81 శాతం. ఉత్తుత్తి మాత్రలతో 24 శాతమే. తల్లిదండ్రులకు మాత్రమే శిక్షణ ఇచ్చినా పిల్లల భయం తగ్గుతుందని యేల్ యూనివర్సిటీలో ఎలి లెబోవిట్జ్ బృందం 2020లో చూపించింది. మన పల్లెలకు నాకు అన్నిటికన్నా ఆశ కలిగించేది ఈ చివరిదే.

కడపలో రిమ్స్ ఆవరణలో 100 పడకల మానసిక ఆసుపత్రి కట్టారు. విభజనతో ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి తెలంగాణకు పోయాక మనకు పెద్ద దిక్కు విశాఖే కాబట్టి, సీమకు ఇది కావలసిందే. కానీ ఆందోళనతో ఉన్న పిల్లలకు చాలావరకు పడక అక్కర్లేదు. వారం వారం వచ్చి కూర్చోవడానికి ఊరికి దగ్గర్లో ఒక కుర్చీ కావాలి. ఆదోని నుంచి కర్నూలుకు సుమారు 100 కిలోమీటర్లు. పన్నెండు వారాలే వచ్చినా పన్నెండు రోజుల కూలి, ఇద్దరి బస్సు ఛార్జీ. ఈలోగా సుగ్గి మొదలైతే నిచ్చెన సగంలోనే ఆగిపోతుంది. ఇట్లాంటి పిల్లలు కొద్దిమందేమీ కాదు. నిమ్హాన్స్ 2015-16లో జరిపిన జాతీయ సర్వేలో 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. అందులో ఆందోళన రుగ్మతలదే పెద్ద వాటా.

కడపలో కలిసిన తొమ్మిదో తరగతి అమ్మాయిది వేరే కథ. అమ్మానాన్నలతో వలస పోయి, సగం ఏడాది అయ్యాక బడికి తిరిగొచ్చింది. పాఠాలు వెనకబడ్డాయి. లేచి చదవమంటే గొంతు పెగల్లేదు, ఎవరో నవ్వారు. అప్పటి నుంచి నోరు విప్పడం మానేసింది. ఆమె చేత ముందుగా ఒక అంచనా రాయించారు: ‘చదివితే అందరూ నవ్వుతారు’. తర్వాత ఇద్దరు స్నేహితురాళ్ల ముందు ఒక పేరా చదవాలి, నవ్విన వాళ్లను లెక్కపెట్టుకు రావాలి. ఆ వారం లెక్క తెచ్చింది. ఎవరూ నవ్వలేదు. ఒకమ్మాయి మాత్రం తనకూ అట్లాగే ఉంటుందని చెప్పిందట. తర్వాతి మెట్టు, అంగట్లో పెన్ను ధర అడిగి, కొనకుండా తిరిగి రావడం.

ఆ అమ్మాయి వెంట ఆమె తెలుగు సారు కూడా వచ్చాడు. బడికి సెలవు పెట్టుకుని బస్సెక్కాడు. ఉన్నట్టుండి లేపి చదివించకుండా, ఏ పేరా చదవాలో ముందురోజే చెప్పమని, మొదట బెంచీలో కూర్చునే చదవనివ్వమని, ఆగిపోతే తాను అందుకుని పూర్తి చేయకుండా కాసేపు ఓపిక పట్టమని అక్కడి సైకాలజిస్టు చెబుతుంటే అటెండెన్స్ రిజిస్టరు వెనక పేజీలో రాసుకున్నాడు. దూరాభారం అయినప్పుడు 14416కు, అంటే మానసిక సమస్యలకు సాయం చేసే టెలీ మానస్ హెల్ప్‌లైన్‌కు, రాత్రైనా పగలైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చని, తెలుగులోనే మాట్లాడతారని చెబితే ఆ నంబరూ రాసుకున్నాడు.

తర్వాత సందేహిస్తూ అడిగాడు. “మేడమ్, మా బళ్లో ఇట్లాంటోళ్లు ఇంకా నలుగురైదుగురు ఉండారు. అందర్నీ ఈడికి తేలేను. మీరే ఒక మధ్యాహ్నం వచ్చి మా సార్లందరికీ చెప్పగలరా?” వస్తానంది ఆమె. విద్యాశాఖ నుంచి అనుమతి కాగితం కావాలి, దానికి ఎవరికి అర్జీ పెట్టాలో ఇద్దరూ కూర్చుని చూసుకుంటున్నారు.