కప్పు కొట్టిన ఏడాది

సావనీరుకి ఏదైనా వ్రాసివ్వమని మన యూనియన్ కార్యదర్శి అడిగినప్పుడు, "బి.ఎస్సీ. వాణ్ణి, ప్రాక్టికల్ రికార్డు తప్ప నేనేమీ వ్రాసి ఎరగనయ్యా" అన్నాను. "హాస్టల్లో క్రికెట్ మీద గంటలకొద్దీ ఉపన్యాసాలిస్తావుగా, అదే వ్రాయి" అన్నాడు. సరే, వ్రాస్తున్నాను. అయితే ఇందులో క్రికెట్ ఎంతో మిరపకాయ కూడా అంతే ఉంటుంది. మా ఇంట్లో ఆ రెండూ ఒకే ఏడు కలిసిపోయాయి మరి.

మాది పర్చూరు దాపున ఒక పల్లె. చిన్నప్పుడు ప్రకాశం జిల్లా. 2022లో జిల్లాలు విడదీశాక బాపట్లలోకి వచ్చాం. జిల్లా మారినా నేల మారలేదు. అదే నల్లరేగడి, అదే పత్తి, మిరప, శనగ. మాకు సొంతం మూడెకరాలు.

2015లో పత్తికి గులాబీ రంగు పురుగు పట్టింది. బీటీ విత్తనానికి పురుగు రాదన్నారు, వచ్చింది. కాయ పైకి నిక్షేపంలా ఉంటుంది, విప్పితే లోపల పురుగు. పత్తి వేసిన రెండెకరాలూ అలా పోయాయి. మిగిలిన ఎకరం మిరపే మమ్మల్ని ఆదుకుంది. 2016 వేసవికి గుంటూరు యార్డులో ధర క్వింటా పది వేలు దాటింది.

ఆ వేసవిలోనే సన్‌రైజర్స్ హైదరాబాద్ ఐపీఎల్ కప్పు కొట్టింది. అప్పుడు నాకు పదకొండేళ్లు.

మొదట్లో మా టీకొట్టు దగ్గర వాళ్ళ మీద ఎవరికీ ఆశ లేదు. ఏప్రిల్ 12న బెంగళూరులో మొదటి మ్యాచ్. అవతలివాళ్ళు 227 కొట్టారు, మనవాళ్ళు 45 పరుగుల తేడాతో ఓడారు. రెండోది సొంతగడ్డ ఉప్పల్లో, కలకత్తా చేతిలో ఓటమి. "పత్తి పోయినట్టే పోయిందిరా మీ జట్టు" అన్నాడు మా బాబాయి. మూడో మ్యాచ్‌లో వార్నర్ ముంబయి మీద 90 కొట్టి అవుట్ కాకుండా నిలబడ్డాడు. అక్కణ్ణించి గాడిలో పడింది.

ఆ ఏడు మహారాష్ట్రలో పెద్ద కరువు. మనుషులకే నీళ్ళు లేనప్పుడు పిచ్ తడపడానికి నీళ్ళా అని గొడవై, ఏప్రిల్ నెలాఖరు తర్వాత అక్కడ మ్యాచ్‌లు ఆడొద్దని బొంబాయి హైకోర్టు చెప్పింది. అలా ముంబయి వాళ్ళ మ్యాచ్ ఒకటి మన విశాఖకి వచ్చింది. మే 8న అక్కడ మనవాళ్ళు వాళ్ళని 92కే చుట్టేశారు. నెహ్రా మూడు వికెట్లు తీశాడు. మా నాన్న క్రికెట్‌ని పట్టించుకున్నది ఆ వార్త విన్నాకే. "ఆటకి కూడా నీళ్ళే కావాలన్నమాట" అని వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

కూర్చున్నవాడు చివరిదాకా లేవలేదు. ఆటగాళ్ళని కూడా వేలంలో కొంటారని నేను చెబితే ఆశ్చర్యపోయాడు. కాసేపు ఆలోచించి, "నయమే. వాళ్ళకి ఆటకి ముందే వేలం. మనకి పంటంతా చేతికొచ్చాక వేలం" అన్నాడు. అప్పుడు నాకది నవ్వులాటగా తోచింది.

లీగులో మూడో స్థానం. మూడో స్థానంలో ఉన్నవాడు ఇంకొక్కటి ఓడినా ఇంటికే. కలకత్తాని 22 పరుగులతో దాటారు. గుజరాత్ మీద వార్నర్ ఒక్కడే 93 చేసి, చివర్లో బిపుల్ శర్మ తోడు రాగా ఒడ్డున పడేశాడు. మే 29 ఆదివారం ఫైనల్. మళ్ళీ అదే బెంగళూరు, అదే మైదానం, మొదటి రోజు చితక్కొట్టిన అదే జట్టు.

ఆ రాత్రి టీకొట్టు ముందు ఊరు ఊరంతా ఉంది. వార్నర్ 69. చివర్లో కటింగ్ 15 బంతుల్లో 39. మొత్తం 208. తర్వాత గేల్, కోహ్లి దిగి పదిన్నర ఓవర్లలో 114 కొట్టేసరికి సగంమంది దుప్పట్లు దులుపుకుని లేచారు. "కూర్చోండయ్యా, కోత అవందే లెక్కేమిటి?" అన్నాడు నాన్న. గేల్‌ని కటింగ్ తీశాడు. కోహ్లిని శ్రాన్ బౌల్డ్ చేశాడు. ఆఖరి ఓవర్లో 18 కావాలి. భువనేశ్వర్ తొమ్మిదే ఇచ్చాడు. ఎనిమిది పరుగుల తేడాతో గెలిచాం!

"గెలిచాం" అని వ్రాశాను, చూశారా. కెప్టెన్ ఆస్ట్రేలియావాడు, కోచ్ టామ్ మూడీ ఆస్ట్రేలియావాడు, ఫైనల్లో మ్యాన్ ఆఫ్ ది మ్యాచ్ కటింగూ అక్కడివాడే. ఆ పదకొండుమందిలో పర్చూరు ఎక్కడుందో ఎరిగినవాడు ఒక్కడూ లేడు. అయినా గెలిచింది మేమే.

మర్నాడు పొద్దున పొరుగు ఆసామి చేను మూడెకరాలు కౌలుకి మాట్లాడుకోవడానికి నాన్న బయలుదేరాడు. అమ్మ వద్దంది. ఉన్నది చాలదా అంది. నేను మధ్యలో దూరి, "మొదటి రెండూ ఓడినా వాళ్ళు కప్పు కొట్టలేదా? ఈ ఏడు మనమూ కొడతాం నాన్నా!" అన్నాను. నాన్న నా తల నిమిరి వెళ్ళాడు. కౌలు డబ్బు ముందే కట్టాలి. కట్టాడు. సొంతం, కౌలు కలిపి ఆరెకరాలూ మిరపే వేశాడు.

పంట బాగా వచ్చింది. అదే వచ్చిన చిక్కు. మాకొక్కరికే కాదు, అందరికీ వచ్చింది. పత్తితో విసిగిన ప్రతివాడూ మిరపే వేశాడు. 2017 వేసవికి కల్లాలన్నీ ఎర్రగా పరుచుకున్నాయి, ఏసీలన్నీ టిక్కీలతో నిండాయి. ధర పడిపోయింది. కోత కూలి గిట్టక కాయ చెట్టు మీదే వదిలేసినవాళ్ళున్నారు. నాన్న లారీ మీద గుంటూరు వెళ్ళి రెండోనాడు తిరిగొచ్చాడు. అమ్మ చెంబుతో నీళ్ళిచ్చి "ఎంత పడింది?" అంది. కాళ్ళు కడుక్కుని, "నాలుగు" అన్నాడు. నాలుగు వేలు. మే నెలలో కేంద్రం 5,000కి కొంటామని ప్రకటించేనాటికి మా సరుకులో ముప్పాతిక వంతు వెళ్ళిపోయింది. రెండు గేదెల్ని అమ్మాం. ఇంటరు పాసైన అక్క ఒక ఏడాది ఇంట్లో కూర్చుంది.

మే 17 రాత్రి సన్‌రైజర్స్ మళ్ళీ కలకత్తాతో ఆడింది. మనవాళ్ళు 128 చేశాక బెంగళూరులో వాన. అర్ధరాత్రి దాటాక ఆరు ఓవర్లలో 48 చేస్తే చాలని కలకత్తాకి లెక్క కట్టారు. చేసేశారు. వసారాలో అమ్ముడుపోని టిక్కీల మీద కూర్చుని నేను ఏడ్చాను. జట్టు కోసమా, అక్క కోసమా, నాకే తెలియలేదు. నాన్న పట్టా సర్దుతూ, "కప్పు కొట్టినోడైనా మర్నాడు టాస్‌కి రావల్సిందేరా. పడుకో" అన్నాడు.

నా మాట వల్లే ఆ కౌలు తీసుకున్నాడన్న బాధ నాలో చాలాకాలం ఉండిపోయింది. ఇంటరులో ఉండగా ఒకరోజు అడిగేశాను. నాన్న నవ్వాడు. "పిల్లోడి మాట విని కౌలు కడతానా? ధర విని కట్టాను. ఊరంతా విన్నదీ ఆ ధరే."

దీనికి సాలెగూటి సిద్ధాంతమని పేరుందని మా గదిలో ఎకనామిక్స్ మిత్రుడు చెప్పాడు. ఈ ఏటి ధర చూసి వచ్చే ఏటి సాగు, ఆ సాగు వల్ల ఆ ఏటి ధర. గీత గీస్తే సాలెగూడులా వస్తుందట. మా నాన్న గీత గీయలేడు గానీ సంగతి అదే. పదకొండుమంది బాగా ఆడితే జట్టు గెలుస్తుంది. పదకొండు ఊళ్ళు బాగా పండిస్తే పదకొండూ ఓడతాయి. మైదానంలో మనకి తోడయ్యే కష్టమే యార్డులో మనకి ఎదురొస్తుంది. పదకొండేళ్ల వయసులో నేను కప్పునీ పంటనీ ఒకటే అనుకున్నాను. ఆ తేడా తెలియడానికి అక్క చదువు ఒక ఏడాది ఖర్చయింది.

జట్టు మాటకొస్తే, ఓడలు బళ్ళవుతాయన్నది నిజం. కప్పు తెచ్చిన వార్నర్నే 2021లో సీజను మధ్యలో కెప్టెన్సీ నుంచి తీసేశారు. 2018లోనూ 2024లోనూ ఫైనల్ దాకా వచ్చి ఓడారు. అయినా వాళ్ళ ఆట వస్తోందంటే నాన్న ఇప్పటికీ చేలోంచి పెందలాడే వస్తాడు.

అక్క ఆ తర్వాత నర్సింగు చదివి ఉద్యోగం చేస్తోంది. నా హాస్టలు ఖర్చులో సగం తనే పంపుతుంది. మేము ఆ తర్వాత కౌలు జోలికి పోలేదు. మూడెకరాల్లో ఒకటి మిరప, రెండు శనగ. పోయిన సెలవుల్లో మిరప ధర కాస్త లేచిందని విని, "ఈ ఏడు ఇంకో ఎకరం వేద్దామా నాన్నా?" అన్నాను.

"ఊళ్ళో ఎంతమంది అనుకుంటున్నారో ముందు కనుక్కునిరా" అన్నాడు.