లారీ ప్రయాణము - నిద్ర లెక్క

కాలమును ముందుగా లెక్కగట్టుట గృహిణులకు క్రొత్త విద్య కాదు. పెండ్లివంటకు పొయ్యి యెప్పుడు వెలిగింపవలెనో తెలిసికొనుటకు మనము విస్తళ్లు వేయు వేళనుండి వెనుకకు లెక్కించుకొని వత్తుము. పప్పు నానుటకింత, ఉడుకుటకింత, వడ్డనకింత యని తీసివేయగా మిగిలినదే మొదలుపెట్టవలసిన గడియ. ఈ విద్యయే దూరప్రయాణపు లారీకిని ఆధారమన్నచో కొందరికి వింతగా తోచవచ్చును. మా యింట మాత్రము అది నిత్యకృత్యము.

మాది కర్నూలు జిల్లా ఆస్పరి. ఆదవాని, ఆలూరు, పత్తికొండల నడుమనున్న మెట్టపొలముల సీమ. వాన కురిసిన యేడు పత్తి, వేరుసెనగ, ఉల్లి, టమోటా పండును. కురియని యేడు ఎన్నియో కుటుంబములు ఇండ్లకు తాళములు వేసి, బిడ్డలను వృద్ధులకడ విడిచి, గుంటూరు సీమకు సుగ్గికి పోవును. ఆ బాధ పడలేక మావారు కిస్తులమీద పది చక్రముల లారీ నొకదానిని కొనిరి. అన్నదమ్ములిద్దరును నడుపుదురు. ఒకరు బండిమీద నున్నపుడు రెండవవారు సేద్యము చూచుకొందురు. తోడికోడండ్రమగు మేమిద్దరము లెక్కల పుస్తకము వ్రాయుదుము. బాడుగ, డీజిలు, టోలు, హమాలీకూలి వ్రాసికొనుటకు మొదలుపెట్టిన యా పుస్తకములో కొన్నాళ్లకు ‘నిద్ర’ యను గడి యొకటి చేరినది. ఆ గడిని గూర్చియే నాలుగు మాటలు మనవి చేయుదుము.

ఒక ప్రయాణమును చూడుడు. ఆదవాని జిన్నింగు మిల్లులో బిగించిన పత్తిబేళ్లు కోయంబత్తూరునకు చేరవలెను. బండి గుంతకల్లు మీదుగా గుత్తికి పోయి 44వ జాతీయ రహదారి నెక్కును. అనంతపురము, బెంగళూరు, హోసూరు, కృష్ణగిరి, ధర్మపురి దాటి సేలము చేరును. అచ్చటినుండి 544వ రహదారి. మొత్తము దూరము సుమారు 700 కిలోమీటర్లు. నిండులోడుతో మా బండి సగటున గంటకు 40 కిలోమీటర్లకు మించి పోదు. అనగా చక్రము తిరుగు కాలమే పదునేడున్నర గంటలు.

షావుకారులు కోరునది వేరు. ప్రొద్దున మొదలైన లోడు సాయంకాలము ఆరింటికి ముగియును. పట్టకప్పి, త్రాళ్లు బిగించి, వెంటనే బయలుదేరి మరునాడు మధ్యాహ్నమునకు సరకు దింపుమందురు. ఆ లెక్కనుబట్టి పోయినచో ధర్మపురికిని సేలమునకును నడుమనున్న తొప్పూరు కనుమ తెల్లవారి ఏడు గంటల ప్రాంతమున వచ్చును. సేలము వైపు పోవువారికి అది దిగుడు. పెక్కు ప్రమాదములు జరిగిన చోటు. అక్కడ స్టీరింగు పట్టుకొన్న మనుష్యుడు ముందటి దినము ప్రొద్దున ఆరింటికి లేచినవాడు. అనగా ఇరువదియైదు గంటలుగా కన్ను మూయనివాడు.

పదునేడు గంటలు మేల్కొన్నవాని చేయియు చూపును, నూరు మిల్లీలీటర్ల రక్తమున 50 మిల్లీగ్రాముల మద్యము చేరినవాని చేయివలె, చూపువలె తడబడునని 1997లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. మన దేశములో చోదకునికి చట్టము విధించిన హద్దు 30 మిల్లీగ్రాములు. త్రాగినవానిని పట్టుటకు పోలీసులకడ ఊపిరి చూచు యంత్రము కలదు. నిద్రలేనివానిని పట్టు యంత్రము మన రహదారిమీద మాకెన్నడును కానరాలేదు.

చట్టము దీనిని మరువలేదు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టము దినమునకు 8 గంటలు, వారమునకు 48 గంటల పనిని నిర్ణయించెను. దూరప్రయాణములకు 10 గంటలు, 54 గంటల వరకు సెలవిచ్చెను. ఐదు గంటల పనికి పిమ్మట అరగంట విరామము, ఒకనాటి పనికిని మరునాటి పనికిని నడుమ తొమ్మిది గంటల విశ్రాంతి యుండవలెననెను. కాని యది ఐదుగురును అంతకు మించియు పనివారున్న సంస్థలను ఉద్దేశించినది. ఒక లారీ, ఒక డ్రైవరు, ఒక క్లీనరు గల మావంటి యిండ్లకు అది చేరలేదు. 2025 నవంబరు 21న అమలునకు వచ్చిన కార్మికస్మృతులలో ఆ చట్టము లీనమైనది. దాని అంకెలు మాత్రము మా పుస్తకమున మిగిలియున్నవి. చట్టము మాయింటి గడప దాటి రాకున్నను, మేమే దానిని పిలిచి కూర్చుండబెట్టుకొంటిమి.

ఆ అంకెల ప్రకారము కోయంబత్తూరు ప్రయాణము రెండు దినములది. లోడు ముగిసిన రాత్రి బండివాడు ఇంటికి వచ్చి పరుండును. తెల్లవారుజామున ఐదింటికి ఆదవాని విడుచును. పదింటికి పెనుకొండ ప్రాంతము చేరును. అక్కడ గంటసేపు భోజనము, విశ్రాంతి. బెంగళూరు నగరములోనికి పెద్దబండ్ల రాకకు పగటివేళ నిర్బంధము లుండును గనుక నగరమును చుట్టిపోవలెను. పది గంటల నడక ముగియునప్పటికి సాయంకాలము నాలుగు గంటల ప్రాంతమున హోసూరు. ఒకటి రెండు గంటలు ఆలస్యమైనను దీపములు పెట్టువేళకు బండి నిలుచును. మరునాడు ఐదింటికి బయలుదేరినచో తొప్పూరు కనుమ ఉదయము ఎనిమిదింటి వెలుతురులో, నిద్రతీరిన కన్నులకు ఎదురగును. అపరాహ్ణమునకు కోయంబత్తూరు.

ఇందులో మరియొక విశేషము కలదు. సరకు వెంట నుండవలసిన ఈ-వే బిల్లునకు 2021 నుండి ప్రతి 200 కిలోమీటర్లకు ఒక దినము చొప్పున గడువిచ్చుచున్నారు. 700 కిలోమీటర్లకు నాలుగు దినములు. ప్రభుత్వపు కాగితము నాలుగు దినములిచ్చుచుండగా షావుకారు పదునెనిమిది గంటలే యిచ్చును. పత్తిబేలు రెండుదినములలో కుళ్లిపోవునదియు కాదు.

టమోటా సంగతి వేరు. తాజా కూరగాయలకు ఈ-వే బిల్లు లేదు. గడువును పండే నిర్ణయించును. మద్రాసు కోయంబేడు అంగడికి తెల్లవారకముందే చేరవలెను. అట్టి లోడునకు అన్నదమ్ములిద్దరును పోదురు. నాలుగేసి గంటలకు చేతులు మారుదురు. కదలు బండిలోని కునుకు మంచముమీది నిద్రకు సాటి కాదు గనుక తిరుగుప్రయాణము ఒక పూట ఆగియే మొదలుపెట్టుదురు. సేద్యమునకు ఆ దినములలో కూలివానిని పెట్టవలసివచ్చును. ఆ కూలియు బాడుగలో కలిపియే అడుగుదుము.

ఇదంతయు సుఖముగా కుదిరినదని తలపవలదు. గడచిన పత్తికాలమున లోడులు కుదుర్చు దళారి యొకడు, ఒక్క డ్రైవరుతోనే రాత్రికి రాత్రి పోయినచో అధికముగా బత్తెమిత్తుననెను. మా బావగారికి ఆశ కలిగినది. “ఇరువదియేండ్లుగా నడుపుచున్నాను. నా నిద్ర నాకు తెలియదా, అమ్మా?” అనిరి. “నిద్ర వచ్చునపుడు చెప్పి వచ్చునా, బావా? కిస్తు తప్పినచో నోటీసు వచ్చును. మీకేమైన నైనచో మాకు వచ్చునది నోటీసు కాదు గదా” అంటిమి. అత్తగారు మామాటనే బలపరచిరి. బండి నిలిచినది. దళారి ఆ లోడును వేరొకరికిచ్చెను. కాలము ముగియువరకు మమ్ము మరల పిలువలేదు. రెండునెలల కిస్తులకు మా గొలుసొకటి బ్యాంకులో కుదువకు పోయినది. అది యింకను అచ్చటనే యున్నది.

వేచియుండు కాలమును గూర్చి యొక మాట. మిల్లు గేటువద్ద వరుసలో ఆరుగంటలు నిలిచినవానిని “విశ్రాంతి దొరికినది గదా” యని లోకులందురు. వరుస కదలినప్పుడెల్ల బండి కదలవలెను. కాటాకు, చీటికి పరుగెత్తవలెను. అది విశ్రాంతి కాదు. అమెరికాదేశములో పది గంటల విశ్రాంతి పిమ్మట పని మొదలైన పదునాలుగు గంటలలోపల పదునొకండు గంటలే నడుపవలెను. వరుసలో వేచిన సమయమునకు ఆ పదునాలుగు గంటల గడియారము ఆగదు. 2017 చివరినుండి అక్కడ పెక్కు బండ్లలో యంత్రమే ఈ లెక్క వ్రాయుచున్నది. ఐరోపాలో నాలుగున్నర గంటల నడకకు నలుబదియైదు నిమిషముల విరామము విధి. మాకు యంత్రము లేదు, పుస్తకమున్నది. గేటువద్ద గడచిన గంటలను మేము పని గడిలోనే వ్రాయుదుము.

లారీ గల యిండ్ల సోదరీమణులకు మా మనవి యిది. బండి నడుచు గంటలలో ఫోను చేయకుడు. ఆగవలసిన తావులను, వేళలను ముందే వ్రాసియుంచుకొని అప్పుడే మాటలాడుడు. “పండుగనాటికి రాగలవా?” యను ప్రశ్న ప్రేమతో నడిగినదైనను, దారిలో నున్నవానికి అది కొరడావంటిది, దానిని బయలుదేరకమునుపే అడిగి తేల్చుకొనుడు. అర్ధరాత్రికిని తెల్లవారు నాలుగింటికిని నడుమ బండి నిలిచియుండవలెనని యింటిలో నియమము పెట్టుడు. బాడుగ మాటలాడునపుడు దింపు వేళను పురుషులు ఒప్పుకొనకముందే వెనుకనుండి లెక్కించి చూపుడు. క్రొత్తగా తయారగు పెద్దలారీలలో చోదకుని గదికి చలువయంత్రము విధిగా నుండవలెనను నిబంధన వచ్చినది. మావంటి పాతబండ్ల వారికి వేపచెట్టు నీడయే గతి. కనుక ఏ దాబావద్ద నీడయు, నీళ్లును, కావలియు కలవో వ్రాసియుంచుకొని యిరుగుపొరుగు ఇండ్లతో పంచుకొనుడు. మా పుస్తకమున అట్టి తావుల పట్టిక కొంత సిద్ధమైనది. అడిగినవారి కెల్ల చూపుచున్నాము.