దీపం వదిలానా?

కార్తీకమాసంలో రాజమండ్రి రేవుల దగ్గర ప్రాక్టీసు పెట్టినవాడి తలుపు తెల్లారకుండానే మోగుతుంది. మెట్ల మీద జారి కాలు మడతపడినవాళ్లు, ఉపవాసంతో కళ్లు తిరిగినవాళ్లు వస్తుంటారు. ఆ సోమవారం వచ్చినావిడ ఆ బాపతు కాదు. 62 ఏళ్ల రిటైర్డ్ లెక్కల టీచరు. తడి జుట్టు ముడేసుకుని, తనంతట తానే నడిచొచ్చి కూర్చున్నారు.

"ఎందుకొచ్చామే ఇక్కడికి?" అని కూతుర్ని అడిగారు. కూతురు చెప్పింది. తలూపారు. రెండు నిమిషాలకి మళ్లీ అదే మాట, అదే గొంతుతో. ఆ వెంటనే, "దీపం వదిలానా?" ఇరవై సార్లు జవాబు చెప్పాక కూతురికి ఏడుపు ఆగలేదు.

పక్షవాతమా, ఫిట్సా, షుగరు పడిపోయిందా అని ముందు చూడాల్సినవి చూశాను. మాట తడబడలేదు, చేతుల్లో బలం తగ్గలేదు. మనవడి పేరు చెప్పారు. 17వ ఎక్కం అడిగితే గడగడా అప్పజెప్పి, నాకే మార్కులు వేసేలా చూశారు. మూడు వస్తువుల పేర్లు చెప్పి అప్పటికప్పుడు అడిగితే చెప్పగలిగారు. ఐదు నిమిషాలాగి అడిగితే, "ఏ వస్తువులండీ?" అన్నారు.

దీన్ని ట్రాన్సియెంట్ గ్లోబల్ అమ్నీషియా అంటాం. పేరుకున్నంత భయం జబ్బులో లేదు. కొన్ని గంటల్లో తగ్గుతుంది. ఎక్కువగా యాభై దాటినవాళ్లకి వస్తుంది. చన్నీళ్లలో మునగడం, బాగా శ్రమపడటం, మనసుకి గట్టి దెబ్బ తగలడం లాంటివి దానికి ముందు కనిపిస్తుంటాయి. కణతల లోపలివైపు, సముద్రపు గుర్రం ఆకారంలో ఉండే హిప్పోకాంపస్ కాసేపు పని మానేస్తుంది. చిన్నప్పటి ఎక్కాలు మెదడు పైపొరల్లో ఎప్పుడో కుదురుకున్నాయి, వాటికి ఢోకా లేదు. కొత్త సంగతులు పద్దు రాసే గుమాస్తా మాత్రం సీట్లో ఉండడు.

ఆ గుమాస్తా మరి తిరిగి రాకపోతే? అమెరికాలో హెన్రీ మొలైసన్‌కి అదే జరిగింది. 1953లో, 27 ఏళ్ల వయసులో, మూర్ఛలు తగ్గించాలని రెండువైపులా హిప్పోకాంపస్‌లో చాలా భాగం తీసేశారు. 2008లో పోయేదాకా అతనిలో కొత్త సంఘటనలు దాదాపు ఏవీ నిలవలేదు. కానీ మనస్తత్వవేత్త బ్రెండా మిల్నర్ అద్దంలో చూస్తూ నక్షత్రం గీయిస్తే రోజురోజుకీ చెయ్యి తిరిగింది. నిన్న గీసిన సంగతి మాత్రం ఎరగడు. చేతి నేర్పుకి మెదడులో ఖాతా వేరు. మా టీచరుగారూ అంతే, అడిగిందే అడుగుతూనే తడి కొంగు పిండుకుని కుచ్చిళ్లు సర్దుకున్నారు.

మధ్యాహ్నానికి ప్రశ్నలు పల్చబడ్డాయి. మర్నాటికి మామూలు మనిషి. రెండు రోజులాగి తీయించిన ఎమ్మారైలో, హిప్పోకాంపస్ మీద ఆవగింజంత తెల్ల చుక్క. ఆ ఉదయం ఇక గుర్తుకి రాదని చెప్పాను. పద్దు రాయనిది వెతికితే ఎక్కడ దొరుకుతుంది?

ఆరు నెలలకి బీపీ చూపించుకోవడానికి వచ్చారు. "దీపం వదిలానండీ! గాలికి కొండెక్కబోయి నిలదొక్కుకుంది. గుర్తొచ్చింది నాకు." కూతురు ఏమీ అనలేదు. తల్లి మందుల షాపు దగ్గర ఉండగా ఒక్కతే వెనక్కొచ్చింది. "అమ్మ వదల్లేదండీ. అరటి దొప్ప పట్టుకుని అలా నిలబడిపోతే నేనే తీసుకుని వదిలాను."

ఆ ముచ్చట ఇంట్లో ఎన్నిసార్లు చెప్పుకున్నారో! విన్నది కాస్తా కళ్లారా చూసినదైపోయింది. తలుచుకున్నప్పుడల్లా మెదడు ఆ సంగతిని మళ్లీ అల్లుతుంది, అందిన పోగుతో చిరుగు కలిపేస్తుంది. అతుకు మనకి కనబడనివ్వదు. నేను ఆవిడని దిద్దలేదు.

పైన సోమవారం అని రాసేశాక ఎందుకో అనుమానమొచ్చి, పాత కేసు షీటు తీసి చూశాను. శుక్రవారం.