విశ్వనాథ సభలో మన కుర్చీ



"విశ్వనాథ సత్యనారాయణతో నీకేం పని భాయ్?" మసీదు మెట్ల దగ్గర అడిగారు, శాదీ దావత్‌లో అడిగారు, మా ఇంట్లో దస్తర్‌ఖాన్ ముందు కూర్చుని కూడా అడిగారు. ఎవరూ కోపంగా అడగలేదు. నెలకో ఆదివారం వేయిపడగలు సంచిలో పెట్టుకుని బయల్దేరే ముసల్మానును చూస్తే అడగాలనిపిస్తుంది మరి. ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబు చెప్పే బదులు ఇక్కడే రాస్తున్నా.

ముందు మా బజ్మ్ సంగతి. దానికి బోర్డు లేదు, రిజిస్ట్రేషన్ లేదు, అధ్యక్షుడు లేడు. రిటైరైన తెలుగు మాస్టార్లు ఇద్దరు, ఒక మెడికల్ షాపాయన, ఒక బ్యాంకు ఉద్యోగిని, కాలేజీ పిల్లలు నలుగురైదుగురు, నేను. ఒక నెల గుడివాడ, ఒక నెల బందరు, ఒక నెల అవనిగడ్డ. గుడివాడకైతే బందరు నుంచి పాసింజరులో పెడన, గుడ్లవల్లేరు మీదుగా పోతాం. అవనిగడ్డకైతే పులిగడ్డ అక్విడెక్టు దాటి దివిసీమలో దిగుతాం. మా కాయిదా ఒకటే. ఒకరు కొన్ని పేజీలు పైకి చదవాలి, ఇంకొకరు దాని మీద కనీసం మూడు ప్రశ్నలు వేయాలి, తర్వాత బహస్. శాలువాలు లేవు, ముఖ్య అతిథులు లేరు. చాయ్‌కీ బందరు లడ్డూకీ తలా ఇరవై రూపాయలు. మగ్రిబ్ వేళకు నేను లేస్తానని అందరికీ తెలుసు. ఆలోపే పేజీలు పూర్తి చేయాలని మాస్టారు గడియారం చూసుకుంటూ ఉంటారు. వెయ్యి పేజీలకు దగ్గరగా ఉన్న నవల ఈ లెక్కన ఎప్పటికి పూర్తవుతుందో అల్లాహ్‌కే తెలుసు.

ఈ మూడు ఊళ్ళలోనే ఎందుకంటారా? ఆయన ఈ నేల మనిషి కాబట్టి. 1895 సెప్టెంబరు 10న కృష్ణా జిల్లా నందమూరులో పుట్టారు. బందరు హిందూ హైస్కూల్లో చదువుకున్నారు. అక్కడ ఆయన ఉస్తాద్ చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి. ఆ ఉస్తాద్‌కు పింగళి లక్ష్మీకాంతం, కాటూరి వేంకటేశ్వరరావు కూడా శాగిర్దులే. ఒక్క బడిలో అంతమంది! తర్వాత విశ్వనాథ బందరులోని ఆంధ్ర జాతీయ కళాశాలలో పాఠాలు చెప్పారు. 1934లో ఇరవై తొమ్మిది రోజుల్లో వేయిపడగలు చెబుతూ పోతే తమ్ముడు రాసుకున్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం నవలల పోటీలో దానికీ, అడివి బాపిరాజు నారాయణరావుకూ కలిపి బహుమతి ఇచ్చారు. ఆ బాపిరాజు తర్వాత మన బందరు జాతీయ కళాశాలకే ప్రిన్సిపాల్‌గా వచ్చారు. 1970లో తెలుగుకు మొదటి జ్ఞానపీఠం తెచ్చింది విశ్వనాథే, రామాయణ కల్పవృక్షానికి. 1976 అక్టోబరులో కన్నుమూశారు.

రచయిత పేరు మీద నడిచే సంఘాలు మన దగ్గర తక్కువేం లేవు. ఎక్కువ సంఘాల పని ఏడాదికి రెండు రోజులు. జయంతికి ఒక దండ, వర్ధంతికి ఒక దండ. ఫోటో ముందు నాలుగు ఉపన్యాసాలు, పులిహోర, వందన సమర్పణ. ఆ సభల నుంచి ఇంటికెళ్ళి ఒక్కరైనా పుస్తకం తెరిచారా అని అడిగేవాడుండడు. పని చేసే సంఘం వేరేలా ఉంటుంది. హైదరాబాదులో వెలిచాల కొండలరావు గారు విశ్వనాథ సాహిత్య పీఠం పెట్టారు. విశ్వనాథ ఒకప్పుడు నడిపిన జయంతి పేరుతోనే మళ్ళీ పత్రిక తెచ్చారు. వేయిపడగలను కొందరు అనువాదకులు కలిసి ఇంగ్లీషులోకి తెస్తే ఆ పీఠమే అచ్చు వేయించింది. హిందీలోకైతే పి.వి.నరసింహారావు గారు ఎప్పుడో సహస్రఫణ్ పేరుతో తెచ్చారు. తెలుగు రాని పాఠకుడి చేతికి పుస్తకం చేర్చడం కంటే ఒక రచయితకు చేసే ఖిద్మత్ ఏముంటుంది?

ఇక "నీకేం పని" అన్న మాటకు వస్తా.

మన ఊరి పేరే చూడండి. బందర్ అంటే ఫార్సీలో రేవు. గోల్కొండ సుల్తానుల కాలంలో ఓడలు ఇక్కడి నుంచే దూరదేశాలకు పోయేవి. పెడనలో అద్దే కలంకారీలో ఉన్న కలం మన ఖలమే. వేయిపడగల కథంతా ఒక జమీందారీ చుట్టూ తిరుగుతుంది. జమీందారు ఏ భాష మాట? దివాను ఏ భాష మాట? అంత సంప్రదాయవాది కూడా తన ఊరి కథ చెప్పాలంటే మన ఇంటి మాటలు లేకుండా చెప్పలేడు. అవి మన మాటలని ఆయన అనుకోలేదు, తెలుగనుకున్నాడు. నాకు నచ్చింది అదే. రెండో వైపు చూస్తే ప్రేంచంద్ మొదట నవాబ్ రాయ్ పేరుతో ఉర్దూలో రాశారు. ఫసానా-ఎ-ఆజాద్ రాసిన రతన్‌నాథ్ సర్షార్ కశ్మీరీ పండిత్. ఉర్దూతో వాళ్ళకేం పని అని మనం ఎన్నడైనా అడిగామా? పిఠాపురం ఉమర్ అలీషా తెలుగులో కవిత్వం రాసినప్పుడు ఆయన్నెవరైనా తెలుగు వదిలేయమన్నారా?

అలాగని విశ్వనాథ చెప్పిందంతా నాకు మంజూర్ అనుకోకండి. ఆయనతో నాకు ఇఖ్తిలాఫ్ చాలా ఉంది. వర్ణవ్యవస్థ సడలితే లోకం చెడిపోయిందని ఆయన దుఃఖం. అందరూ ఒకే సఫ్‌లో భుజం భుజం కలిపి నిలబడాలని నేర్చుకున్నవాడిని, ఆ దుఃఖంలో పాలుపంచుకోలేను. కానీ మనిషి లోపలి మాట, ఊరి మీద మొహబ్బత్, చెట్టునూ పామునూ కూడా కుటుంబంలో కలుపుకునే చూపు, ఇవి ఆయన రాసినట్టు రాసినవాళ్ళు అరుదు. ఇఖ్తిలాఫ్ ఉన్నవాడిని చదవడంలోనే ఇల్మ్ పెరుగుతుంది.

మా ఆపా కూతురు డిగ్రీ రెండో సంవత్సరం. పోయిన సెప్టెంబరులో జయంతికి తనూ మాట్లాడతానంది. మా దూల్హాభాయ్‌కు ఫిక్ర్ పట్టుకుంది. "అక్కడ దీపం వెలిగించమంటారు, ఫోటోకు దండ వేయమంటారు. పిల్ల కాదంటే బేఇజ్జతీ, సరేనంటే మన అఖీదా ఏమవుతుంది?" అన్నారు. ఆ ఫిక్ర్ నిజమైనదే, నవ్వి తీసేసేది కాదు. నేను ముందు రోజే మాస్టారుకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "వెలిగించేవాళ్ళు వెలిగిస్తారు, అమ్మాయి కూర్చుంటుంది. మనకు కావలసింది ఆమె మాట కదా" అన్నారు. అంతే, అయిపోయింది. పదేళ్ళ పరిచయంలో అడగాల్సిన మాట అడగడానికి మనం ఎంత జంకుతామో, అవతలివాళ్ళు ఎంత సులువుగా ఒప్పుకుంటారో!

పిల్ల గిరిక గురించి మాట్లాడింది. నవలలో గిరిక దేవదాసి, వేణుగోపాలస్వామికి జీవితమంతా ఇచ్చేసిన పిల్ల. "ఆ అమ్మాయిని ఎవరైనా వేరే ఏం కావాలని అడిగారా?" అని పిల్ల సభను అడిగింది. మాస్టారు లేచి, "గిరికే కోరుకుంది తల్లీ, అది ఆమె భక్తి" అన్నారు. "కోరుకునేలా పెంచారు కదా మాస్టారూ" అంది పిల్ల. ఇక చూడండి బహస్! బ్యాంకు మేడమ్ పిల్ల వైపు, మెడికల్ షాపాయన మాస్టారు వైపు. భక్తిలో ఇష్టం ఎంత, అలవాటు ఎంత అని గంటసేపు నడిచింది. చివర్లో ఎవరూ ఎవరికీ లొంగలేదు. మాస్టారు మాత్రం పిల్ల దగ్గరకొచ్చి, "నలభై ఏళ్ళు పాఠం చెప్పాను, ఈ ప్రశ్న నన్నెవరూ అడగలేదమ్మా" అన్నారు. దూల్హాభాయ్ వెనక కుర్చీలో కూర్చుని ఇదంతా విన్నారు. తిరుగు ప్రయాణంలో, గిరిక కథ మొదటి నుంచీ చెప్పమని కూతురినే అడిగారు.

ఇంకో నెల అవనిగడ్డలో కూర్చున్నాం. సుబ్బన్నపేట వైభవం తగ్గిపోతూ ఉండటం, వేయి పడగల పాముకు ఒక్కొక్క పడగే పోయి చివరికి రెండు మిగలడం, దాని మీద మాట నడుస్తోంది. ఎప్పుడూ నోరు విప్పని ఒక పెద్దాయన అన్నారు: "ఆయన ఊరు పడగ పడగగా పోయిందయ్యా. మాది ఒక్క రాత్రిలో పోయింది." 1977 నవంబరు 19 ఉప్పెన. దివిసీమలో ఆ మాట అన్నాక ఇక వివరణ అక్కర్లేదు. నవల పక్కన పెట్టేశాం. ఆ సాయంత్రమంతా ఆయన చెప్పారు, మేం విన్నాం. తేలి వచ్చినవాళ్ళలో ఎవరు ఏ మజ్హబో చూడకుండా మట్టి ఇచ్చామన్నారు. నేను ఆ రోజు మగ్రిబ్ తర్వాత వాళ్ళందరి కోసం దువా చేశాను.

ఉర్దూలో అదబ్ అంటే సాహిత్యం. అదబ్ అంటే మర్యాద కూడా. రెండింటికీ ఒకే మాట పెట్టిన పెద్దలకు సలాం. ఇబాదత్ అల్లాహ్‌కే, అందులో బేరం లేదు. అదబ్ మాత్రం అందరికీ బాకీ ఉన్నాం, రాసినవాడికీ, చదివి వినిపించేవాడికీ, కాదని వాదించేవాడికీ.

నా భయం వేరే ఉంది. మన పిల్లలకు ఉర్దూ లిపి రావడం లేదు. తెలుగేమో మార్కుల కోసం చదివే సబ్జెక్టు అయిపోయింది. అమ్మీ జబాన్ చేజారి, ఊరి జబాన్ "వాళ్ళది" అని వదిలేస్తే, రేపు మన బాధ చెప్పుకోవడానికి వాళ్ళ దగ్గర ఏ భాష మిగులుతుంది? మన కథలు మనం రాయాలంటే ముందు ఈ నేల మీద రాసినవాళ్ళను చదవాలి, ఒప్పుకోవడానికైనా, పోట్లాడటానికైనా.

వచ్చే నెల వంతు బందరుది. రెండో ఆదివారం, అసర్ తర్వాత మొదలవుతుంది. వాలిదైన్ కూడా రావచ్చు, పిల్లల్ని ఒంటరిగా పంపనక్కర్లేదు. పుస్తకం లేకపోయినా ఫర్వాలేదు, ఇరవై రూపాయలు మాత్రం తెచ్చుకోండి. ప్రశ్నలు వేసే వంతు ఈసారి మా ఆపా కూతురిదే. మాస్టారు ఇప్పటి నుంచే తయారవుతున్నారట!